ఎంపీసీ చదివినవాడు ఐదు వారాల వేసవి కోర్సులో డిగ్రీ బయాలజీ పట్టుకోగలడా?

చీపురుపల్లి ప్యాసింజర్:

అందరికీ నమస్తే. నేను విజయనగరంలో బీఎస్సీ కంప్యూటర్ సైన్స్, రెండో ఏడాది పరీక్షలు ఇప్పుడే అయ్యాయి. ఇంటర్ ఎంపీసీ. అంటే బయాలజీ మొహం చూసింది పదో తరగతిలోనే, అందులోనూ మూత్రపిండం బొమ్మ, పువ్వు నిలువుకోత బొమ్మ బట్టీపట్టి గట్టెక్కిన బాపతు.

ఇప్పుడు పీజీకి బయోఇన్ఫర్మేటిక్స్ వైపు, అంటే జీవుల డేటాని కంప్యూటర్లో విశ్లేషించే చదువు వైపు వెళ్దామని ఉంది. మా మేనత్త వాళ్లది కవిటి దగ్గర ఊరు, మావయ్య డయాలసిస్ మీద ఉన్నాడు, ఉద్దానం కిడ్నీ జబ్బుల సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. నేను చదివేస్తే ఆయనకి నయమైపోతుందని కాదు గానీ, ఆ రిపోర్టుల్లో క్రియాటినిన్ అని రాసుంటే అదేమిటో కూడా తెలియకుండా తలూపడం నాకే చిరాగ్గా ఉంది.

మాకు తెలిసిన ఒక కాలేజీలో బోటనీ, జువాలజీ వాళ్లు కలిసి మే నెలలో బయాలజీ పరిచయ కోర్సు పెడుతున్నారు. ఐదు వారాలు, వారానికి ఆరు రోజులు, ఉదయం 7:30 నుంచి 11:30 వరకు, చివరి గంట ల్యాబ్. కణం, ఎంజైములు, శ్వాసక్రియ, కిరణజన్య సంయోగక్రియ, కణ విభజన, మెండెల్, డీఎన్‌ఏ, పరిణామం, జీవుల వర్గీకరణ, చివర్లో ఎకాలజీ. ఆ కాగితం చూస్తేనే కళ్లు తిరిగాయి.

నా టెన్షన్ ఏంటంటే, ఏడాది పాఠం ఐదు వారాల్లో బుర్రకెక్కుతుందా? ఆ పేర్లన్నీ గుర్తుంటాయా? బొమ్మలు అస్సలు రావు నాకు. అమ్మేమో ఈ ఎండల్లో రోజూ రైలెక్కి తిరగడం ఎందుకు, ఇంట్లో కూర్చుని ఫోన్‌లో వీడియోలు చూసుకో అంటోంది. ఎవరైనా ఇలా వేసవిలో చదివినవాళ్లుంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

అరసవల్లి మేష్టారు:

బాబూ, నేను శ్రీకాకుళంలో జువాలజీ చెప్పి రిటైరయ్యాను. ఇలాంటి వేసవి క్లాసులు చాలానే తీసుకున్నాను కాబట్టి పిల్లలు ఎక్కడ జారిపోతారో చెప్పగలను. మొదటి వారం అందరూ ఉషారుగా ఉంటారు, కణం బొమ్మ గీసి రంగులేస్తారు. రెండో వారంలో శ్వాసక్రియ వస్తుంది. గ్లైకాలసిస్, క్రెబ్స్ వలయం, ఎలక్ట్రాన్ల రవాణా. అక్కడ క్లాసు సగమైపోతుంది. కారణం ఆ పాఠం కష్టమని కాదు, ముందు రోజు పాఠం సగంలో వదిలేసి వచ్చి కూర్చుంటారు, ఇక అక్కడి నుంచి ఏ మాటా చెవికెక్కదు. మామూలు సెమిస్టరులో ఒక రోజు పోతే ఆదివారం కూర్చుని పూడ్చుకోవచ్చు. నీకు ఆదివారానికి ఆరు రోజుల బాకీ ఉంటుంది.

ఆ వలయాల్లో ప్రతి పదార్థం పేరూ మొదటి రోజే బట్టీ పట్టకు. ప్రతి మెట్టు దగ్గరా లోపలికి ఏం వెళ్లింది, బయటికి ఏం వచ్చింది, కణంలో ఎక్కడ జరిగింది అని అడుగు చాలు. గ్లైకాలసిస్‌లో ఆరు కార్బన్ల గ్లూకోజ్ సైటోప్లాజంలో మూడేసి కార్బన్లున్న రెండు పైరువేట్లుగా విరిగింది, నికరంగా రెండు ఏటీపీలు, అంటే కణం ఖర్చుపెట్టుకునే శక్తి నాణేలు, మిగిలాయి. ఆక్సిజన్ ఉంటే ఆ పైరువేట్ మైటోకాండ్రియాలోకి పోతుంది. లేకపోతే? మీ ఇంట్లో తరవాణి కుండ ఉందా? అందులో బాక్టీరియా చేసేది అదే, పైరువేట్‌ని లాక్టిక్ ఆమ్లం చేసేస్తాయి, పులుపు అక్కడి నుంచి వస్తుంది. పులుపు కోసం చెయ్యవు అవి. గ్లైకాలసిస్ ఆగకుండా నడవాలంటే ఎన్ఏడీ అనే సరుకు ఖాళీ అయి తిరిగి రావాలి, దానికోసం చేస్తాయి. ఇది అర్థమైతే సగం పాఠం అయినట్టే.

ఇంకో చిక్కు ముందే చెప్తాను. ఒక గ్లూకోజ్‌కి ఎన్ని ఏటీపీలు అంటే మన పాత పుస్తకాల్లో 38 అనో 36 అనో ఉంటుంది, ఇప్పటి పుస్తకాల్లో 30 నుంచి 32 అని ఉంటుంది. కొత్త లెక్కే సరైనది, కానీ పరీక్ష పేపరు దిద్దేవాళ్లు ఏ పుస్తకం పట్టుకున్నారో కనుక్కుని రాయి. అన్నట్టు ఆ ఏటీపీని 1929లో కండరం నుంచి వేరుచేసినవాళ్లలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు కూడా ఉన్నారు. నా క్లాసులో ఇది చెప్పకుండా ఆ పాఠం ఎప్పుడూ ముగించలేదు.

వీడియోలు చూసుకోమన్న మీ అమ్మగారి మాట కొట్టిపారేయను. కానీ మైక్రోస్కోపు వీడియోలో ఉండదు. వెళ్లు.

రాజాం అప్ప (న్యూజెర్సీ నుంచి):

తమ్ముడూ, నేను సరిగ్గా ఇదే చేశాను, కాకపోతే ఇక్కడ. పెళ్లయ్యాక వచ్చి, నర్సింగ్ చదవాలనుకుంటే మా కమ్యూనిటీ కాలేజీ వాళ్లు అనాటమీ కంటే ముందు జనరల్ బయాలజీ పాసవ్వాలన్నారు. వేసవిలో ఎనిమిది వారాల్లో ఐపోతుంది కదా అని చేరిపోయా. నేనూ ఎంపీసీయే, పైగా తెలుగు మీడియం.

ఇక్కడి లెక్క చెప్తాను, నీకు పనికొస్తుంది. నాలుగు క్రెడిట్ల కోర్సు. ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట క్లాసు, ఇంటి దగ్గర రెండు గంటల చదువు, అలా పదిహేను వారాలు. అంటే క్రెడిట్‌కి 45 గంటలు, నాలుక్కి 180. అదే సరుకు ఎనిమిది వారాల్లో కుదిస్తే వారానికి ఇరవై రెండు, ఇరవై మూడు గంటలు. వేసవి అని చెప్పి ఒక్క పాఠం తీసెయ్యరు. నువ్వు ఐదు వారాలంటున్నావ్, క్లాసే 120 గంటలు అయ్యేలా ఉంది, ఇంటికొచ్చాక కనీసం రెండు గంటలు దానికి తీసి పెట్టుకో. రైల్లో చదివేస్తా అనుకోకు, నిద్రపోతావ్.

నేను చేసిన వెధవ పని కూడా చెప్తా. రెండో వారంలో తెలిసినవాళ్లింట్లో బారసాల అని రెండు రోజులు మానేశా. రెండే రోజులు! ఆ రెండు రోజుల్లో కణత్వచం (కణం చుట్టూ ఉండే పొర) గుండా ఏది ఎలా దాటుతుంది అన్న పాఠం, ఎంజైముల పాఠం అయిపోయాయి. ఆ వారం పరీక్షలో నూటికి 58. ఆ రాత్రి ఏడుస్తూ మా అమ్మకి ఫోన్ చేస్తే, ఆవిడ మాగాయ పెడుతోంది. ఏంటమ్మా చప్పుడు అంటే ముక్కలకి ఉప్పు పట్టించి మూడు రోజులైంది, ఊట పిండుతున్నా అంది. అప్పుడు వెలిగింది నాకు. ముక్క బయట ఉప్పు ఎక్కువ, కణం లోపల నీళ్లు ఎక్కువ, నీళ్లు త్వచం దాటి బయటికొచ్చేస్తాయి, ముక్క వడిలిపోతుంది. ఆస్మాసిస్ అంటే అదే. బూజు, బాక్టీరియా ఆ ఉప్పులో పడితే వాటి నీళ్లూ అలాగే పోతాయి కాబట్టి మాగాయ ఏడాది నిలవుంటుంది. అమ్మకి ఫోన్లోనే పాఠం చెప్పేశా. ఆ రోజు నుంచి రోజూ రాత్రి ఆవిడకి పది నిమిషాలు తెలుగులో చెప్పడం పెట్టుకున్నా, ఎక్కడ చెప్పలేక ఆగిపోయానో అక్కడ నాకు రాదని అర్థం. చివరికి బి ప్లస్ వచ్చింది. ఏ రాలేదు, ఆ 58 పుణ్యమా అని.

ల్యాబ్ పరీక్ష అంటే ఇక్కడ బల్లల మీద స్లైడులు, గుండుసూది గుచ్చిన నమూనాలు పెట్టి నిమిషానికో బల్ల చొప్పున తిప్పుతారు. మీ దగ్గర స్పాటర్లు అంటారనుకుంటా. ఫోటోలు తీసుకుని రోజూ చూడు.

బొబ్బిలి కోడర్:

మేష్టారికి, అక్కకి దండాలు. నేను వేరే మాట చెప్తా, తిట్టొద్దు. బీటెక్ సీఎస్ఈ చేసి హైదరాబాద్‌లో జీనోమ్ డేటా మీద పనిచేస్తున్నా. నా అనుభవంలో బయోఇన్ఫర్మేటిక్స్‌కి కావల్సింది డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ నుంచి ప్రొటీన్, కొంచెం జెనెటిక్స్, బోలెడు స్టాటిస్టిక్స్. వేరు అడ్డుకోత, వానపాము జీర్ణవ్యవస్థ ఇవన్నీ నేను ఈ రోజు వరకు వాడలేదు. ఐదు వారాలూ ఆ మూడు పాఠాల మీద పెట్టినా నష్టం లేదు.

నువ్వు కోడింగ్ వాడివి కాబట్టి సాయంత్రం చెయ్యాల్సిన పని ఒకటి చెప్తా. జెనెటిక్ కోడ్ అంటే ఒక డిక్షనరీ, నాలుగు అక్షరాలు, మూడేసి చొప్పున 64 కోడాన్లు, అందులో 61 అమైనో ఆమ్లాలకి, మూడు ఆగమని చెప్పేవి. అమైనో ఆమ్లాలు 20 మాత్రమే కాబట్టి ఒకదానికే చాలా కోడాన్లు ఉంటాయి. ఎన్‌సీబీఐ అనే జన్యు సమాచారం సైట్లోకి వెళ్లి మనిషి ఇన్సులిన్ జన్యువు కోడింగ్ భాగం దించుకో, ఉచితమే. 333 అక్షరాలుంటాయి. పైథాన్‌లో మూడేసి విడగొట్టి ప్రొటీన్‌గా మార్చు, 110 అమైనో ఆమ్లాలు రావాలి, చివరి మూడక్షరాలు ఆగే కోడాన్. షుగర్ ఉన్నవాళ్లు వేసుకునే ఇన్సులిన్‌కి మాత్రం 51 అమైనో ఆమ్లాలే ఉంటాయి. మిగతావి ఏమైపోయాయో నువ్వే వెతుక్కో, ఆ వెతుకులాటలోనే ఒక పాఠం అయిపోతుంది.

మెండెల్ వచ్చినప్పుడు కూడా ఊరికే 3:1 అని రాసెయ్యకు. ఆయనకి బఠానీల్లో గుండ్రటి గింజలు 5474, ముడతలవి 1850 వచ్చాయి, అంటే 2.96:1. ఆ తేడా యాదృచ్ఛికమా కాదా అని కై-స్క్వేర్ అనే స్టాటిస్టిక్స్ పరీక్ష వేసి చూడు. బయాలజీ వాళ్లు భయపడే చోట నీకు హాయిగా ఉంటుంది.

అరసవల్లి మేష్టారు:

కోడర్ బాబూ, తిట్టను గానీ ఒక ప్రశ్న. నీ కంప్యూటరు ఈ జన్యువు జీబ్రా చేపలో ఇంత పోలింది, పండు ఈగలో ఇంత పోలింది, ఈస్ట్‌లో ఇంత అని జాబితా ఇస్తుంది. మనిషికి వాటిలో ఏది దగ్గర, ఏది దూరం, ఎందుకు అన్నది తెలియకపోతే ఆ జాబితాని ఏం చేసుకుంటావ్? నువ్వు అక్కర్లేదన్న వర్గీకరణ పాఠం ఆ జాబితా చదవడానికే. వానపాము గురించి మాత్రం నీతో గొడవపడను, అది మరీ ఎక్కువే చెప్పేవాళ్లం.

బొబ్బిలి కోడర్:

ఒప్పుకున్నా మేష్టారూ. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈస్ట్ శిలీంధ్రమని తెలియక బాక్టీరియా అనుకుని మీటింగ్‌లో మాట్లాడి పరువు పోగొట్టుకున్నవాణ్ణే నేను.

సాలూరు సన్నీ:

మధ్యలో దూరుతున్నా ఏమనుకోకండి. నేనూ ఎంపీసీ పాసయ్యా. ఇలాంటి వేసవి కోర్సు చేస్తే నీట్ రాయొచ్చా?

నైరా అగ్రి పిల్ల:

సన్నీ, రాయలేవు. నీట్‌కి ఇంటర్ స్థాయిలో బోర్డు గుర్తించిన బయాలజీ ఉండాలి. ఇంటర్ అయ్యాక అదనపు సబ్జెక్టుగా చదివి పాసైనా చెల్లుతుందని 2023 నవంబరులో నేషనల్ మెడికల్ కమిషన్ చెప్పింది, కానీ కాలేజీ వాళ్లు సొంతంగా ఇచ్చే సర్టిఫికెట్ దానికిందకి రాదు. బోర్డుని అడుగు.

ఇక ప్యాసింజర్ గారూ, పేర్ల భయం గురించి. నేను నైరాలో బీఎస్సీ అగ్రికల్చర్, మాకు పేర్లు తప్ప ఇంకేం ఉండవు. ఆ పేర్లన్నీ గ్రీకు, లాటిన్ ముక్కలు అతికించినవే, ముక్కలు నేర్చుకుంటే చాలు. లైసిస్ అంటే విరగడం. గ్లైకాలసిస్ తీపి విరగడం, హైడ్రాలసిస్ నీటితో విరగడం. క్లోరో ఆకుపచ్చ, ఫిల్ ఆకు. సైటో అని ఎక్కడ కనబడినా కణం. మైటో దారం, కాండ్రియా గింజలు, మైక్రోస్కోపులో చూసినవాడికి అలా కనబడ్డాయి మరి. యాభై ముక్కలు చిన్న పుస్తకంలో రాసుకుంటే మొత్తం కోర్సు దాటేస్తావు.

బొమ్మలకి ఆర్టిస్టు అవ్వక్కర్లేదు. హెచ్‌బీ పెన్సిల్, ఒకే గీత, షేడింగ్ వద్దు, లేబుల్ గీతలు స్కేలుతో, ఒకదాన్నొకటి కొయ్యకూడదు, ఎంత పెద్దది చేసి చూశావో కింద రాయాలి. అందంగా గీసినవాడికంటే చూసింది గీసినవాడికే మా సార్ మార్కులేసేవారు.

మొక్కల పాఠాలు వదిలెయ్యమన్న అన్నగారికి కూడా ఒక మాట. మా ఊరు పలాస అవతల. జీడితోటలో పెరిగాను, ఆ ఎర్రగా, పసుపుగా వేలాడేదే పండు అనుకుని పద్దెనిమిదేళ్లు తిన్నాను. డిగ్రీకొచ్చాక తెలిసింది అది పండు కాదు, ఉబ్బిన కాడ అని. అసలు పండు కింద వేలాడే ఆ గట్టి పిక్కే, దాని లోపలి గింజ మనం తినే జీడిపప్పు. పిక్క తొక్కలో ఉండే నూనె చేతికి తగిలితే చర్మం పొక్కిపోతుంది, మా అమ్మ చేతివేళ్లు చూస్తే మీకు ఇంకే ఫోటో అక్కర్లేదు. జీడి, మామిడి రెండూ ఒకే కుటుంబం, మామిడికాయ సొన అంటుకుని కొందరికి మూతి పొక్కడానికీ దీనికీ చుట్టరికం ఉంది. మేలో ఇవన్నీ చెట్ల మీదే ఉంటాయి. పాఠం విన్న రోజే కోసి చూడొచ్చు, డిసెంబరులో చదివేవాళ్లకి ఆ అదృష్టం లేదు.

అరసవల్లి మేష్టారు:

అమ్మాయి బాగా చెప్పింది. చీపురుపల్లి వాడివి కాబట్టి గోగునార కూడా చేర్చుకో. గోగుకట్టలు చెరువులో ఊరవేస్తే వచ్చే ఆ కంపు గుర్తుందా? అది బాక్టీరియా పని. నార పోగుల్ని అంటిపెట్టుకున్న పెక్టిన్‌ని అవి తినేస్తాయి, పోగు మిగులుతుంది. ఆ పోగు కాండంలో ఆహారం మోసే పోషక కణజాలం వైపుది, అంటే ఫ్లోయమ్. లోపలి పుల్ల నీళ్లు మోసే జైలమ్. నువ్వు చిన్నప్పుడు నార ఒలిచి పుల్ల పొయ్యిలోకి తోశావంటే ఫ్లోయమ్‌ని, జైలమ్‌ని చేత్తో విడదీశావన్నమాట.

ఫీజు కాకుండా పుస్తకాలకి డబ్బు పెట్టకు. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండు, పన్నెండు తరగతుల బయాలజీ, ఓపెన్‌స్టాక్స్ వాళ్ల కాలేజీ బయాలజీ, రెండూ నెట్‌లో ఉచితం. మొదటిది చదివి, అర్థం కానిచోట రెండోది తెరువు.

చీపురుపల్లి ప్యాసింజర్ (మూడు వారాల తర్వాత):

అందరికీ మళ్లీ నమస్తే. చేరిపోయాను. ముందు చెడ్డ వార్త, మొదటి వారం టెస్టులో 25కి 9. అప్ప చెప్పినట్టు రైల్లో చదువుతా అనుకున్నా, అప్ప చెప్పినట్టే నిద్రపోయా, ఒక రోజు చీపురుపల్లి దాటిపోయి పొందూరులో దిగాను.

రెండో వారం నుంచి రాత్రి పూట నాన్నమ్మకి చెప్పడం మొదలెట్టా. మాగాయ గురించి ఆస్మాసిస్ అంతా చెప్పుకుపోతుంటే మధ్యలో ఆపి, "ఉప్పు తగ్గితే బూజు పడతాదని నాకు తెలీదేటిరా, దానికి నువ్వు రైలెక్కి ఎల్లాలా" అంది. అయినా రోజూ వింటోంది, నిన్న క్రెబ్స్ వలయం సగంలో గురక పెట్టింది, దానికి ఆవిడని తప్పు పట్టను. శ్వాసక్రియ టెస్టులో 17 వచ్చాయి. మేష్టారూ, మా సార్‌ని అడిగా, మాకు 38 అట. నోరు మూసుకుని 38 రాశా.

అసలు చెప్దామనుకున్నది ఉల్లిపాయ గురించి. కణ విభజన ల్యాబ్ కోసం ఎవరికి వాళ్లం ఇంటి దగ్గర గ్లాసు నీళ్ల మీద ఉల్లిపాయ పెట్టి వేళ్లు మొలిపించి తెమ్మన్నారు. ఈ ఎండకి నా మొదటి ఉల్లిపాయ రెండో రోజుకే కుళ్లి ఇల్లంతా కంపు. రెండోదానికి పూటకోసారి నీళ్లు మార్చా, వేళ్లు తెల్లగా, వేలు పొడుగు వచ్చాయి. పొద్దున్నే ఎనిమిదికల్లా కొయ్యాలన్నారు, విభజన ఆ వేళకి బాగా దొరుకుతుందట. వేరు చివర బియ్యపు గింజలో సగమంత ముక్క బ్లేడుతో కోసి, స్లైడు మీద కొంచెం ఆమ్లం, ఆసిటోకార్మిన్ అని ముదురు ఎర్ర రంగు వేసి, స్పిరిట్ దీపం మీద అలా అలా వెచ్చబెట్టి, పైన కవర్ స్లిప్ పెట్టి పెన్సిల్ రబ్బరు వైపుతో కొట్టాలి. నేను గట్టిగా కొట్టా, పగిలింది. రెండోది మరిగిపోయింది. మూడోది పెట్టి చూస్తే ముందు అంతా ఎర్రటి మరకే. మెల్లగా జరుపుతూ, చిన్న కటకం నుంచి పెద్ద కటకానికి మార్చేసరికి పెట్టెలు పెట్టెలుగా కణాలు. చాలావాటిలో మధ్యలో ఒక గుండ్రటి చుక్క, అంతే. ఒకదాంట్లో మాత్రం చుక్క లేదు, పోగులు పోగులుగా రెండు గుంపులు ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి, వేళ్లు విడదీసి ఎదురెదురుగా పెట్టిన రెండు చేతుల్లా. అనాఫేజ్, అంటే కణం రెండవుతున్నప్పుడు క్రోమోజోములు రెండు వైపులకీ విడిపోయే దశ. పుస్తకంలో బొమ్మ గీస్తే ఎప్పుడూ అబద్ధంలా అనిపించేది నాకు, ఎవరో సౌకర్యం కోసం గీశారని. అలాగే ఉంది అక్కడ. పక్కనున్నవాళ్లని పిలిచి పిలిచి చూపించా. క్రోమోజోములు లెక్కపెట్టమంటే ఒక వైపు 14 అన్నా, సార్ నవ్వి ఉల్లికి 16, రెండు ఎక్కడో ఒకదాని కింద ఒకటి ఉన్నాయి, మళ్లీ చూడు అన్నారు. ఇంతలో కరెంటు పోయింది, అద్దం తిప్పి కిటికీ వెలుగులో చూశాం.

కోడర్ అన్నా, ఇన్సులిన్‌ది 110 వచ్చింది. ముందు 111 వచ్చింది, ఆగే కోడాన్‌ని కూడా లెక్కేశా. మిగతావి ఏమయ్యాయో కూడా దొరికింది, ముందు ఉండే 24 అమైనో ఆమ్లాలు దారి చూపించే ముక్క, మధ్యలో సీ-పెప్టైడ్ అనే ముక్క, తయారయ్యేటప్పుడు కోసేస్తారు. అంటే కణమే కోసేస్తుంది.

మావయ్య రిపోర్టులో క్రియాటినిన్ అంటే కండరాల నుంచి వచ్చే వ్యర్థమని, కిడ్నీ దాన్ని బయటికి పంపలేకపోతే రక్తంలో పెరుగుతుందని ఆయనకే చెప్పా. ఆ ముక్క డాక్టరు చెప్పలేదేమిరా ఇన్నాళ్లూ అన్నాడు.

ఒక సాయం కావాలి. ఆ ఆసిటోకార్మిన్ కొత్త తెల్ల చొక్కా మీద పడింది, జేబు దగ్గర అరచేతంత మరక. నిమ్మకాయ రాశా, సర్ఫ్‌లో నానబెట్టా, కదల్లేదు. అమ్మకి ఇంకా చూపించలేదు. దేనితో పోతుంది?

అరసవల్లి మేష్టారు:

పోదు బాబూ. నా దగ్గర అలాంటివి నాలుగున్నాయి. జేబు మీద జేబు కుట్టించు.